ఆయుధాల పేజీలో సైదులు తాత విల్లు

2003వ సంవత్సరం. గుంటూరులో ఒక ట్రస్టు నడిపే చిన్న మ్యూజియంలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. మ్యూజియం పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. రెండు హాళ్లు, ఒక వరండా, మెట్ల కింద నా గది. కింద హాల్లో నాణేలు, రాతి బొమ్మలు, బల్లేలు, కత్తులు. పై హాల్లో మా రెండు జిల్లాల రైతులు, చేతిపనివాళ్లు వాడి వాడి పక్కన పడేసిన సామాను. చూడ్డానికి వచ్చేవాళ్లు మూడు రకాలు: మాస్టార్లు తోలుకొచ్చే బడిపిల్లలు, ఎండకు తాళలేక నీడ కోసం వచ్చేవాళ్లు, ఇంట్లో తెలియకుండా కలుసుకునే జంటలు. వస్తువుల కింద పెట్టిన చీటీలు చదివేవాళ్లు వీళ్లలో ఒక్కరూ లేరు.

ఆ ఏడు మా ట్రస్టు చైర్మన్ గారు హైదరాబాద్‌లో ఏదో సదస్సుకు వెళ్లొచ్చారు. పెద్ద పెద్ద మ్యూజియాలకు వెబ్‌సైట్లు ఎలా ఉన్నాయో అక్కడ తెర మీద చూపించారట. "జనం మ్యూజియానికి రాకపోతే మ్యూజియమే జనం దగ్గరికి పోవాలి" అని మీటింగులో అన్నారు. మంచి మాటే. అది తప్పని నేను ఇప్పటికీ అనను. కాకపోతే, జనం దగ్గరికి ఏం పట్టుకుపోతున్నామో ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. ఆ చూసుకోవాల్సిన మనిషిని నేనే.

వెబ్‌సైట్ కట్టే పని హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇచ్చారు. అందులో పెట్టాల్సిన సమాచారం ఎక్కించే పని నాది. మ్యూజియానికి వచ్చిన ప్రతి వస్తువునూ ఒక పెద్ద పుస్తకంలో రాస్తారు. దాన్ని యాక్సెషన్ రిజిస్టర్ అంటారు. వస్తువు పేరు, ఎక్కడిది, ఎవరిచ్చారు అన్నవి అందులో ఉంటాయి. ఆ పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో వస్తువునూ డేటాబేస్‌లోకి, అంటే కంప్యూటర్‌లో గళ్లు గళ్లుగా ఉండే పట్టికలోకి ఎక్కించాలి. తెలుగులో పెడదామంటే కుదరలేదు. అప్పట్లో తెలుగు అక్షరాలు కనపడాలంటే చూసేవాళ్ల కంప్యూటర్‌లోనూ అదే ఫాంట్ ఉండాలి, లేకపోతే పిచ్చిగీతలు కనపడతాయి. అందుకని అంతా ఇంగ్లీషే అన్నారు కంపెనీవాళ్లు. గుంటూరు, ప్రకాశం జిల్లాల జనం కోసం పెట్టిన వెబ్‌సైట్ ఆ జనంలో సగానికి పైగా చదవలేని భాషలో తయారైంది. ఎవరికీ వింతగా అనిపించలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అనిపించలేదు.

డేటాబేస్‌లో ప్రతి వస్తువుకీ ఒక విభాగం ఎంచాలి. గడి మీద నొక్కితే జాబితా కిందికి జారుతుంది, దాన్ని డ్రాప్‌డౌన్ అంటారు. అందులో ఉన్నవి ఏవంటే: ఆయుధాలు, నాణేలు, శిల్పాలు, శాసనాలు, నగలు, పాత్రలు. ఏదో రాజుల మ్యూజియానికి చేసిన జాబితాని మాకు తగిలించారు. పనిముట్లు అనే మాటే అందులో లేదు. మిరపకాయల గంపను పాత్రల్లో వేశాను. పొగాకు బేళ్లు కుట్టే దబ్బనాన్ని ఎక్కడ వేశానో గుర్తులేదు, నగల్లో వేయలేదని మాత్రం ఆశపడుతున్నాను.

ఆ వరసలో ఒక రోజు రిజిస్టర్‌లో ఈ పంక్తి వచ్చింది. "దూదేకుల విల్లు, ఒకటి. ఇచ్చినవారు: సైదులు, అద్దంకి."

క్యూరేటర్ పురుషోత్తం గారు, అంటే మ్యూజియం వస్తువులన్నిటికీ బాధ్యుడైన అధికారి, ముందే ఒక నియమం పెట్టారు. "కులాల పేర్లు వెబ్‌సైట్లో వద్దమ్మా కరుణా. ఎవడో చూసి గొడవ చేస్తాడు. ఎక్కడ కనపడితే అక్కడ తీసెయ్" అన్నారు. దాతల పేర్ల గడి కూడా ఆయనే తీయించారు. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అనే పేచీ ఎందుకని.

దూదేకుల అన్న మాట నాకు కులం పేరుగానే తెలుసు. మా ప్రాంతంలో ఆ మాటని వెటకారంగా అనడం చిన్నప్పటి నుంచీ విన్నాను. తీసేస్తే ఆయనకి, ఆ సైదులు అనే మనిషికి, మేలు చేసినట్టే అనుకున్నాను. నేను దర్శి దగ్గర ఒక ఊరి బయట పేటలో పుట్టాను. మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. నాన్న ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజుల్లో పత్తి చేలల్లో కూలి. ఉద్యోగంలో చేరిన రోజు "ఏ ఊరమ్మా, ఊళ్లో ఎక్కడ?" అని అడిగితే "దర్శి సార్" అని మొదటి ప్రశ్నకే జవాబు చెప్పి రెండోది మింగేసిన మనిషిని. నేను దాచుకునేదాన్ని కాబట్టి అందరూ దాచుకోవాలనే అనుకుంటారని నా లెక్క.

దూదేకుల కొట్టేశాను. విల్లు మిగిలింది. ఇంగ్లీషులో 'బో' అని కొట్టాను. విల్లు కాబట్టి ఆయుధాలు అన్న విభాగం నొక్కాను. వర్ణన అనే గడి ఖాళీగా వదిలితే డేటాబేస్ ముందుకు కదలదు. పైకి పోయి చూసొచ్చాను. గోడకి తగిలించి ఉంది, నాకంటే పొడుగు. ఇంత పెద్ద విల్లంటే పెద్ద జంతువుల కోసమే అయ్యుంటుందని, "అడవుల్లో పెద్ద జంతువుల వేటకు వాడేవారు" అని ఇంగ్లీషులో రాశాను. ఎవరినీ అడగలేదు. మొత్తం మీద రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

ఏకడం అంటే ఏమిటో తెలియదా అని మీరు అడగొచ్చు. తెలియదు. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి, మళ్లీ కుట్టిపెట్టే మనుషులు ఎండాకాలంలో ఊళ్లోకి వచ్చేవాళ్లట. మా పేటకి రాలేదు. మా ఇళ్లలో పరుపులు ఉంటే కదా రావడానికి. మేం గోనె పట్టాల మీద పడుకునేవాళ్లం.

వెబ్‌సైట్ తెరుచుకుంది. చైర్మన్ గారు మౌస్ నొక్కుతున్న ఫొటో పేపర్లో వచ్చింది. చూసినవాళ్లు తమ అభిప్రాయాలు రాయడానికి గెస్ట్‌బుక్ అనే పేజీ పెట్టారు. మొదటి వారమే ఎవడో చైర్మన్ గారి ఫొటో కింద బూతు రాశాడు. దాంతో కంపెనీవాళ్లు అప్రూవల్ పెట్టారు. అంటే ఎవరు ఏం రాసినా వెంటనే కనపడదు, లోపల ఒక వరసలో నిలబడుతుంది. పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు తెరిచి సరే అంటేనే బయటికి వస్తుంది. ఆ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఉండేది. మా దగ్గర లేదు.

అంతా కంప్యూటర్‌లో ఉన్నట్టే హాల్లోనూ ఉండాలని క్యూరేటర్ గారు పాత చీటీలు పీకించి, వెబ్‌సైట్‌లో ఉన్న మాటలే ప్రింట్ తీయించి అతికించారు. విల్లు ఒక్కటే బోసిగా ఉందని కింద హాల్లోంచి రెండు బాణాలు తెప్పించి పక్కన తగిలించారు. నా రెండు నిమిషాల తప్పు అలా తెర మీద నుంచి దిగి గోడెక్కింది.

తర్వాత క్విజ్. రెండు జిల్లాల హైస్కూలు పిల్లలకి రాత పరీక్ష. ప్రశ్నలన్నీ వెబ్‌సైట్‌లోంచే ఇస్తాం, చూసి చదువుకోండి అని బడులకి ఉత్తరాలు పంపాం. కంప్యూటర్ లేని బళ్లలో మాస్టార్లు నెట్ సెంటర్లకి పోయి పేజీలు ప్రింట్ తెచ్చి గోడలకి అంటించారట. అంత శ్రద్ధగా చేశారు పాపం. ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. జవాబుల కీ కూడా నాదే. ఫొటో బాగా వచ్చిందని విల్లుని ఒక ప్రశ్నగా పెట్టాను. ఈ వస్తువు ఏమిటి, దేనికి వాడేవారు, రెండు వాక్యాల్లో రాయండి అని.

పేపర్లు దిద్దుతుంటే అద్దంకి నుంచి తొమ్మిదో తరగతి పిల్లది ఒకటి వచ్చింది. పేరు మీరాబి. దస్తూరి ముత్యాల్లా ఉంది. అన్నీ కరెక్టు. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఇలా రాసింది: "ఇది మా తాత విల్లు. దీంతో దూది ఏకుతారు."

క్యూరేటర్ గారికి చూపిస్తే పైకి చదివి నవ్వారు. "వాళ్ల తాతదంట. ఏ సంస్థానానికి రాజంట?" అన్నారు. నేనూ నవ్వాను. ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టింది కూడా నేనే. దిద్దిన పేపర్లు బడులకి తిప్పి పంపేశాం. పిల్లలు తప్పులు చూసుకుని నేర్చుకోవాలని.

బహుమతుల సభకి నాలుగు రోజుల ముందు, ఉదయం మ్యూజియం తెరవగానే ఒక ముసలాయన, ఒక పిల్ల వచ్చారు. ఆయన లుంగీ, తెల్లచొక్కా వేసుకుని, తలకి తుండు చుట్టుకున్నాడు. చేతిలో గుడ్డసంచి. పిల్ల బడి యూనిఫాంలో ఉంది. ఆయనకి రెండడుగుల దూరంలో, ఆయనతో వచ్చినట్టు కాకుండా నిలబడింది. వాచ్‌మన్ వాళ్లని నా గదికి పంపాడు.

"నా పేరు సైదులమ్మా. అద్దంకి నుంచి వచ్చాం. ఈ పిల్ల నా మనవరాలు, మా అబ్బాయి కూతురు. మీ పరీక్ష రాసింది" అన్నాడు. పేపర్ తీసి బల్ల మీద పెట్టి, నా ఇంటూ మీద వేలు ఆనించాడు. "ఇది తప్పంటగా?"

"వెబ్‌సైట్లో ఉన్నదాన్ని బట్టే దిద్దామండీ" అన్నాను.

"అదే అడుగుదామని వచ్చాను. నా విల్లు మీకు ఇచ్చింది నేనే. అప్పుడున్న పెద్దాయన పుస్తకంలో రాసుకున్నాడు కూడా. మిషన్లొచ్చాక ఏకుడు పని పోయింది. ఇంట్లో మూలన పెడితే చెద పట్టుద్దని, నలుగురూ చూస్తారుగదా అని ఇచ్చాను. ఈ పిల్ల పుట్టినకాడ నుంచి చెబుతున్నా, గుంటూరు మ్యూజియంలో మన విల్లుందే అని. ఇప్పుడేమో కంప్యూటర్లో వేట విల్లని పడిందంట. కిళాసులో మాస్టారు ఈ కాయితం చదివి, మీ తాత కోతలు బాగా కోస్తాడే అన్నాడంట. పిల్లలంతా నవ్వారంట. అప్పట్నుంచి ఇది నాతో మాట్టాడదు."

పిల్ల కిటికీలోకి చూస్తోంది. నేను రిజిస్టర్ తీశాను. ఆ పంక్తి దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. దూదేకుల విల్లు. సైదులు, అద్దంకి.

పై హాలుకి తీసుకెళ్లాను. ఆయన విల్లు దగ్గరికి పోయి అలా చూస్తూ నిలబడ్డాడు. "నరం సడలిపోయింది" అన్నాడు మొదట. విల్లుకి కట్టిన తీగని ఆయన నరం అంటాడు, మేక పేగుతో చేస్తారట. చెయ్యి చాచబోతే వాచ్‌మన్ అడ్డం వచ్చి "వస్తువుల్ని ముట్టుకోకూడదు పెద్దాయనా" అన్నాడు. అది రూలు. గోడ మీద రాసే ఉంది. సైదులు గారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ బాణాలేందమ్మా? ఇయ్యి నాయి కావు" అన్నాడు.

విల్లు బోసిగా ఉందని మేమే తగిలించామని చెప్పాను.

"దీంతో నేను ఎవర్ని చంపాను?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు. తర్వాత అక్కడే, ఆ నాపరాళ్ల మీద గొంతుక్కూర్చుని ఒట్టి చేతులతో చూపించాడు. ఎడమచేత్తో లేని విల్లుని పట్టుకుని, కుడిచేత్తో లేని గూటాన్ని ఆడిస్తూ, నోటితో టంయ్ టంయ్ అని చప్పుడు చేశాడు. గూటంతో నరాన్ని కొడితే అది అదురుతుందట, ఆ అదురుకి గడ్డకట్టిన దూది విడిపోయి పైకి లేస్తుందట. "గూటం ఇంట్లోనే ఉంది. మీవాళ్లు అదెందుకులే అన్నారు ఆ రోజు" అన్నాడు. వాచ్‌మన్ నవ్వాపుకుంటున్నాడు. పిల్ల తల దించుకుంది.

"దూదేకుల అనే మాట మేమే తీసేశాం పెద్దాయనా. కులం పేరు కదా, మీకు చిన్నతనం అవుతుందని" అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. నన్ను నేను కాపాడుకోవడానికే అయ్యుంటుంది.

ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "దూదేకుల అంటే తిట్టు కాదమ్మా, పని. దూది ఏకుతాం కాబట్టి దూదేకులోళ్లం. అనే నోటిని బట్టి తిట్టవుద్ది. పని తీసేస్తే ఇంక ఏముంది అందులో, కర్ర."

క్యూరేటర్ గారి గదికి పోయి రిజిస్టర్ ఆయన ముందు పెట్టాను. ఆయన చదివారు. తెలివైన మనిషి, వెంటనే అర్థమైంది. అర్థమైనందుకే ఆయనకి చిరాకొచ్చింది.

"ఫలితాలు పేపరుకి పోయినాయి. ఆదివారం సభ. కార్డులు పంచేశారు. ఇప్పుడు చైర్మన్ గారి దగ్గరికి పోయి మన వెబ్‌సైట్ తప్పు, మన పరీక్ష తప్పు అని ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

"వెబ్‌సైట్లో ఒక్క ముక్క మారిస్తే చాలు సార్."

"పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరుంది. మార్పులన్నీ కలిపి ఒకేసారి పంపిద్దాం. ఏదో ఒకటి చెప్పి పంపించెయ్ వాళ్లని." అని ఆయనే లేచి నాతో వరండాలోకి వచ్చారు, నేను ఏం చెబుతానో వినడానికి.

సైదులు గారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అడిగింది ఎంత తక్కువో ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. "మార్కులొద్దమ్మా. బహుమతీ వద్దు. కంప్యూటర్లో మార్చడం మీ చేతిలో లేకపోతే లేకపోయె. ఈ పిల్లతో ఒక్క మాట చెప్పండి. మీ తాత అబద్ధం చెప్పలా అని. మీరు చదువుకున్నోళ్లు, మ్యూజియమోళ్లు. మీరు చెబితే నమ్ముద్ది."

పిల్ల అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూసింది. పక్కన క్యూరేటర్ గారు గొంతు సవరించుకున్నారు. నా ఉద్యోగం పర్మనెంటు కాదు. ఆరు నెలలకోసారి ఆయన సంతకం పెడితేనే ఉంటుంది. ఇదంతా సాకు అని తెలిసే రాస్తున్నాను.

"పరిశీలిస్తామమ్మా" అన్నాను.

ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఆ మాట విలువ తెలుసు. చెయ్యం అని చెప్పడానికి ధైర్యం లేనప్పుడు వాడే మాట అది. ఆ పిల్లకి తెలియదు కాబట్టి ఇంకా ఏమన్నా అంటానేమో అని కాసేపు చూసింది. తర్వాత తాత కంటే ముందు మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆయన నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు.

సభ బాగా జరిగింది. నేను కంపెనీకి ఈమెయిల్ పెట్టాను. మార్పులు మ్యూజియం లెటర్‌హెడ్ మీద క్యూరేటర్ సంతకంతో రావాలన్నారు. లెటర్ తయారుచేసి ఆయన బల్ల మీద పెట్టాను. అక్కడ దాని మీద వేరే కాగితాలు చేరాయి. రెండుసార్లు గుర్తుచేశాను. మూడోసారి చేయలేదు. గోడ మీద బాణాలు మాత్రం ఒక రోజు నేనే తీసి కింద హాల్లో పెట్టాను. ఎవరూ గమనించలేదు.

2006లో కంపెనీతో ఒప్పందం అయిపోయింది. వెబ్‌సైట్ ఇక మీరే చూసుకోండి అంటూ పాస్‌వర్డ్ రాసిన కవరు పోస్టులో పంపారు. ఆ రోజే కూర్చుని సైట్ లోపలికి వెళ్లాను. ఆయుధాల పేజీ తెరిచి విల్లుని అందులోంచి తీసి, పనిముట్లు అనే కొత్త విభాగం పెట్టి, "కాటన్ కార్డింగ్ బో, సైదులు, అద్దంకి" అని ఇంగ్లీషులో రాశాను. కార్డింగ్ అంటే ఏకడం. పట్టింది రెండు నిమిషాలే. ఆ తర్వాత గెస్ట్‌బుక్ లోపలి వరస చూశాను. ఎవరూ తెరవని అభిప్రాయాలు గుట్టపడి ఉన్నాయి. చాలావరకు చెత్త. మధ్య మధ్యలో ఒకే పేరు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఉంది.

మొదటిది వాళ్లు వచ్చివెళ్లిన మూడు వారాలకి పంపింది. "మేడమ్, నేను అద్దంకి మీరాబి. మీరు పరిశీలిస్తాం అన్నారు. పరిశీలించారా?"

కొన్ని నెలల తర్వాత ఇంకొకటి. "మా తాత విల్లు ఇంకా ఆయుధాల్లోనే ఉంది. తాతకి ఒంట్లో బాగుండటం లేదు. రోజూ అడుగుతున్నాడు. మార్చారని చెప్పాను."

తర్వాతది. "తాత చూపించమంటున్నాడు. వచ్చే శుక్రవారం నెట్ సెంటర్‌కి తీసుకొస్తాను. ఆ లోపు మార్చండి ప్లీజ్."

ఆ శుక్రవారం పంపింది. "ఇప్పుడు తాత నా పక్కనే కూర్చున్నాడు. ఫొటో చూసి ఏడ్చాడు. తాతకి చదువు రాదు. దూదేకుల విల్లు, ఇచ్చినవారు సైదులు, అద్దంకి అని రాసి ఉంది అని చదివి వినిపించాను."

చివరిది చిన్నది. "తాత పోయాడు. ఇక మార్చినా మార్చకపోయినా పర్లేదు."

కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను. అబద్ధం చెప్పని మనిషికి, అబద్ధం చెప్పలేదని నేను చెప్పనందుకు, ఆ పిల్ల అబద్ధం చెప్పాల్సొచ్చింది.

మార్చిన పేజీ ప్రింట్ తీసుకుని తర్వాతి ఆదివారం అద్దంకి బస్సెక్కాను. వాళ్ల ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మీరాబి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. నన్ను గుర్తుపట్టింది. కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. అంతకంటే మర్యాద చేయలేదు, తిట్టనూ లేదు. గోడకి ఒక గూటం తగిలించి ఉంది, పట్టుకునేచోట నున్నగా అరిగిపోయి.

"ఆ రోజు మ్యూజియం నుంచి వచ్చాక రెండు వారాలు తాతతో మాట్టాడలేదండీ" అంది. "ఒక రోజు ఆ గూటం పట్టుకుని చూశాను. తాత వేళ్లు పడ్డకాడ గుంటలు పడున్నాయి. మా తాత చేతులు అట్టాగే ఉండేయి. ఇంక ఎవరూ చెప్పక్కర్లా అనిపించింది. తాతకి మాత్రం మీరు రాశారని చెబితేనే మనసుకి ఆనింది."

ప్రింట్ ఇచ్చాను. చదివింది. మళ్లీ చదివింది.

"ఇందులో దూదేకుల విల్లు అని లేదేంటండీ?"

"అదే అర్థం వస్తుందమ్మా. ఇంగ్లీషులో అలాగే అంటారు" అన్నాను.

"నేను తాతకి చదివింది దూదేకుల విల్లు అని. నేను చదివింది అక్కడ ఉండాలి" అంది. "మీకు సిగ్గుగా ఉందా ఆ మాట రాయడానికి? మాకు లేదండీ" అంది.

మూడేళ్ల తర్వాత, అంత జరిగాక కూడా, నా వేళ్లు ఆ మాటని మళ్లీ వదిలేశాయి. మా నాన్న ఏం పని చేసేవాడో, మా ఇల్లు ఊళ్లో ఎక్కడ ఉండేదో ఆ పిల్లకి చెబుదామనుకున్నాను. చెబితే జాలి అడిగినట్టు ఉంటుందని ఊరుకున్నాను.

గుంటూరు తిరిగొచ్చి, రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పోకుండా ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాను. క్యూరేటర్ గారు చూసి కూడా ఏమీ అనలేదు. ఆ మార్పుని ఎంతమంది చూశారో నాకు తెలియదు. కొన్నాళ్లకి ట్రస్టువాళ్లు డొమైన్, అంటే వెబ్‌సైట్ చిరునామా, రెన్యూవల్ చేయడం మర్చిపోయారు. సైట్ మాయమైంది. నేను మార్చకముందే ఎవరెవరో మా పాత పేజీల్ని తమ సైట్లలోకి ఎత్తుకున్నారు. అక్కడ ఆ ఫొటో కింద వేట విల్లు అనే ఉంది. వాళ్లకి రాశాను. జవాబు రాలేదు. ఒకరు మాత్రం పరిశీలిస్తామని రాశారు.

ఆ తర్వాత ఇంకో రెండు చోట్ల ఇదే పని చేశాను. వస్తువు ఇచ్చిన మనిషి బతికుంటే పోయి అడగకుండా ఒక్క గడీ నింపలేదు. జాబితాలో విభాగం లేకపోతే పెట్టించుకున్నాను. పేజీ తప్పైతే దాన్ని దిద్దే అధికారం ఎవరిదో పని మొదలుపెట్టే ముందే అడిగాను. ఈ సంగతులు కొత్తగా చేరిన పిల్లలకి చెబితే బుద్ధిగా రాసుకుంటారు. ఇవన్నీ ఆ విల్లు నేర్పినవే, పనికొచ్చేవే. కానీ ఎన్ని నేర్చుకున్నా, మ్యూజియం వరండాలో నా మొహంలోకి చూసిన ఆ పిల్లకి నేను ఇవ్వాల్సిన జవాబు అలాగే ఉండిపోయింది. మీ తాత అబద్ధం చెప్పలేదు. నాలుగు మాటలు. వాటికి పాస్‌వర్డ్ అక్కర్లేదు.